పని మీది, కాగితం కూడా మీ పేరునే ఉండాలి

(2025 జూలై 27, ఆదివారం సాయంత్రం. అమలాపురంలో ఒక గ్రంథాలయం హాలు. ఇంటి నుంచి సొంతంగా పని చేసుకునేవాళ్ళు, డెలివరీకి తిరిగేవాళ్ళు, యూట్యూబ్ చానళ్ళు నడుపుకునేవాళ్ళు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. ఇందులోని సెక్షన్లు, రేట్లు, గడువులు ఆ రోజుకి ఉన్నవి.)

అందరికీ నమస్కారం అండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి వచ్చేయండి, వాన మళ్ళీ అందుకునేలా ఉంది. బెంచీలు సర్దుకుంటే అందరికీ చోటు వస్తుంది.

ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ గురించి, దాని సెక్షన్ల గురించి మాట్లాడే ముందు మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె గురించి చెబుతాను. మా నాన్నగారు మండపేటలో రైస్‌మిల్లు గుమాస్తా. మాకున్నది అరెకరం చేను. ఆ అరెకరానికి కట్టిన శిస్తు రసీదులన్నీ ఆయన ఇనప ట్రంకుపెట్టెలో, ఒక గుడ్డ మూటలో దాచేవారు. కాగితం పసుపురంగుకి తిరిగిపోయి, మడతల దగ్గర చిరిగిపోతే, వెనక గంజి రాసి పాత పంచాంగం ముక్క అంటించేవారు. కట్టింది ఏటా కొద్ది రూపాయలే. అంత జాగ్రత్త దేనికో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఒక ఏడాది పక్క చేనాయనతో గట్టు తగాదా వచ్చింది. పెద్దమనుషుల ముందు నాన్నగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ మూట విప్పి రసీదులు వరుసగా పరిచారు. తగాదా అక్కడితో తీరిపోయింది.

కౌలు రైతు సంగతి మీకందరికీ తెలిసిందే. దుక్కి దున్నేది ఆయన, సార్వాకి నాట్లు వేయించేది ఆయన, మక్తా కొలిచేది ఆయన. కాగితం మాత్రం ఇంకొకరి పేరున ఉంటుంది. తుపానుకి చేను పడిపోతే నష్టపరిహారం కాగితంలో పేరున్నవాళ్ళ ఖాతాలో పడుతుంది. కౌలు కార్డు కోసం మన ఊళ్ళలో రైతులు ఎన్నేళ్ళుగా తిరుగుతున్నారో మీరు చూస్తూనే ఉన్నారు.

సొంతంగా పని చేసుకునే మన పరిస్థితి సరిగ్గా అదేనండి. నెల నెలా జీతం చీటీ ఉండదు. ఏడాది జీతం, కోసిన పన్ను రాసి ఫారం 16 ఇచ్చే యజమాని లేడు. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి రాత్రి పన్నెండింటికి వచ్చే అబ్బాయి ఎంత కష్టపడ్డాడో వాళ్ళమ్మకి తెలుసు, బ్యాంకు మేనేజరుకి తెలియదు. మన కష్టానికి మన పేరున ఉండే కాగితం, ఏడాదికి ఎంత సంపాదించామో ప్రభుత్వానికి లెక్క చెప్పే ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ ఒక్కటే. నేను దాన్ని పన్ను కాగితంగా చూడను. మా నాన్నగారి శిస్తు రసీదులా చూస్తాను.

మొన్న 24వ తేదీ ఆదాయపు పన్ను దినం. 1860లో జేమ్స్ విల్సన్ ఈ దేశంలో ఈ పన్ను పెట్టిన రోజది. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే ఈ పన్ను ఆనకట్ట కన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. అప్పటి నుంచీ మన జిల్లాల్లో ఇది మిల్లు ఓనర్లకీ, ఎగుమతి వ్యాపారులకీ సంబంధించిన విషయమనే అనుకుంటూ వచ్చాం. పీస్ రేటుకి లేసు అల్లే నరసాపురం ఆడవాళ్ళని గానీ, చెట్టుకింత అని కొబ్బరి దింపు తీసేవాళ్ళని గానీ లెక్కలు రాసుకోమని ఎవరూ అడగలేదు. వాళ్ళ చేతికి వచ్చేవన్నీ నోట్లే. మీ సంగతి వేరు. మీకు వచ్చే ప్రతి రూపాయీ బ్యాంకులోకో యూపీఐలోకో వస్తోంది, దాని కబురు మీకన్నా ముందే డిపార్ట్‌మెంటుకి చేరుతోంది. లెక్క ఎలాగూ ఎక్కడో రాస్తూనే ఉన్నారు. అది మీరు కూడా రాసుకుంటే మంచిదని చెప్పడానికే వచ్చాను.

కిందటి నెల ఒక డెలివరీ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. పేరు చెప్పను. ఇన్‌కం ట్యాక్స్ నుంచి ఏదో మెసేజ్ వచ్చిందని భయపడుతూ వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు, మంచినీళ్ళిస్తే తాగలేదు. పాన్ నంబరుతో పోర్టల్ తెరిచి, ఏఐఎస్ అని ఒక పట్టీ ఉంటుంది, అది తీసి చూపించాను. మన పాన్ మీద ఎవరు ఎంత చెల్లించారు, ఎంత కోశారు, బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. తను పని చేసే కంపెనీ పేరు, దాని కింద నెలవారీ చెల్లింపులు. కూడితే 2,64,000 రూపాయలు. పక్క గడిలో ఒక శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా కోసిన పన్ను, 2,640 రూపాయలు. "ఈ 2,640 నేను కట్టాలా మేడం?" అన్నాడు. కట్టక్కర్లేదు బాబూ, ఇది నీ డబ్బే, నీ దగ్గర కోసుకుని నీ పేరున గవర్నమెంటుకి కట్టారు, నీ ఆదాయానికి పన్నే పడదు కాబట్టి అడిగితే వెనక్కి ఇస్తారు అని చెప్పాను. అడగడమంటే రిటర్న్ వేయడమే. అప్పుడు తాగాడు మంచినీళ్ళు.

తర్వాత ఇంకో మాట అడిగాడు. నాలుగేళ్ళ నుంచి చేస్తున్నాను, పాతవి కూడా వస్తాయా అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు కష్టమైంది. ఏ ఏడాది రిఫండ్ ఆ ఏడాది అడగాలి. గడువు దాటినా డిసెంబర్ 31 లోపు ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవాలి. దానికి అయిదేళ్ళ వరకు వీలుంది గానీ గట్టి కారణం చూపించాలి, అధికారి ఒప్పుకోవాలి. అప్‌డేటెడ్ రిటర్న్ అని ఇంకొకటుంది. ఈ ఏడాది బడ్జెట్‌లో దాని గడువు 48 నెలలకి పెంచారు. కానీ అది అదనంగా పన్ను కట్టడానికే, రిఫండ్ తెచ్చుకోవడానికి పనికిరాదు. మొత్తం మీద ఆ పిల్లాడి పాత మూడేళ్ళ డబ్బు చేయి జారినట్టే. పెద్ద మొత్తం కాదనుకోవచ్చు. ఎండలో తిరిగి సంపాదించినవాడికి అది పెద్ద మొత్తమే.

ఇప్పుడు ఆ అబ్బాయి ఆదాయం ఎంత అని రాయాలి? ఇక్కడ కాస్త నిదానంగా వినండి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చిన్న వ్యాపారాలకి 44ఏడీ అని ఒక సెక్షన్ ఉంది. పుస్తకాలు రాయక్కర్లేదు, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో కనీసం 6 శాతం, నగదుగా వచ్చినదానిలో 8 శాతం లాభంగా చూపిస్తే చాలంటుంది. దాని ప్రకారం 2,64,000లో 6 శాతం అంటే 15,840 రూపాయలు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్ళు టక్కున ఆ అంకె కొట్టేసి పంపిస్తారు. ఏడాదంతా కష్టపడినవాడి ఆదాయం 15,840 అట! రేపు బండి లోనుకి వెళ్తే ఆ కాగితం చూసి ఎవరైనా అప్పిస్తారా?

మేమిద్దరం కూర్చుని అసలు లెక్క తీశాం. నెలకి సగటున 22,000 వచ్చింది. పెట్రోలు 6,500. సర్వీసింగు, టైర్లు, బ్రేకులు కలిపి 800. ఫోన్ రీచార్జి 350. మిగిలేది 14,350, ఏడాదికి 1,72,200. అదే చూపించాం. 6 శాతం అనేది కనీసం, అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలని చట్టం ఉద్దేశం కూడా. పన్ను ఎలాగూ సున్నాయే. పన్నే పడనప్పుడు ఆదాయం తగ్గించి చూపించుకోవడం ఎందుకండీ? మన కష్టాన్ని మనమే తక్కువ చేసుకోవడం కాదా?

రావులపాలెం దగ్గర ఊళ్ళో ఇంకో అబ్బాయి ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ రాస్తాడు. హైదరాబాదులో రెండు కంపెనీలకి చేసి 2024-25లో 9 లక్షలు సంపాదించాడు. వాళ్ళు 194జే సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్ చొప్పున కోసి 90,000 జమ చేశారు. కిందటేడు కూడా ఇంతే వస్తే, అప్పుడు ఇతనికి రిటర్న్ వేసినాయన 44ఏడీ కింద 6 శాతం చూపించాడు. అది తప్పు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, సినిమా కళాకారులు, ఐటీ నిపుణులు, ఇలా చట్టంలో పేర్లున్న వృత్తులకి వేరే సెక్షన్ ఉంది, 44ఏడీఏ. అక్కడ రాబడిలో కనీసం సగం ఆదాయంగా చూపించాలి. ఏడాది రాబడి 50 లక్షల లోపు వాళ్ళకిది వర్తిస్తుంది. నగదు 5 శాతానికి మించకపోతే 75 లక్షల వరకు.

ఇతనికి 9 లక్షల్లో సగం, నాలుగున్నర లక్షలు. పన్ను లెక్కకి పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో మొదటి 3 లక్షలకి పన్ను లేదు, మిగిలిన లక్షన్నర మీద 5 శాతం, అంటే 7,500. మొత్తం ఆదాయం 7 లక్షలు దాటలేదు కాబట్టి ఆ 7,500 కూడా రిబేటులో, అంటే మాఫీలో, పోతుంది. కోసిన 90,000 పూర్తిగా వెనక్కి వస్తుంది. సక్రమంగా చూపించినా పన్ను సున్నాయే. 6 శాతం చూపించినందుకు అతనికి ఒక్క రూపాయి కూడా లాభం రాలేదు. నష్టం మాత్రం వచ్చింది. ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకి వెళ్తే పాత రిటర్న్‌లో ఏడాదికి 54,000 అని ఉంది, నెలకి 4,500. ఆ ఆదాయానికి ఇంటి లోను ఎవరిస్తారు? పునాది తీసి ఉంచిన స్థలంలో ఇప్పుడు గడ్డి మొలిచింది.

అనువాదాలు చేసేవాళ్ళు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు కూడా ఇక్కడున్నారు. మీ పని ఆ పేర్లలో లేకపోతే 44ఏడీఏ మీది కాదు. అసలు రాబడి, అసలు ఖర్చులు రాసుకుని ఐటీఆర్-3 అనే రిటర్న్ ఫారం వేయండి. కాస్త శ్రమే, కానీ ఎవరు ఎప్పుడు అడిగినా ధైర్యంగా చూపించవచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "12 లక్షల వరకు పన్ను లేదు కదండీ, రిటర్న్ ఎందుకు?" అని రోజుకి నలుగురు అడుగుతున్నారు. ముందుగా, ఆ 12 లక్షలు ఈ ఏప్రిల్ నుంచి సంపాదించేదానికి. ఇప్పుడు వేస్తున్న 2024-25 లెక్కకి ఆ హద్దు 7 లక్షలే. రెండోది, పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్న్ అక్కర్లేదని కాదు. పోయిన ఏడాదికి ఆదాయం 3 లక్షలు దాటితే వేయాల్సిందే. ఈ ఏడాదికైతే 4 లక్షలు. అంతకన్నా తక్కువ ఉన్నా, టీడీఎస్ 25,000 గానీ అంతకు మించి గానీ కోసి ఉంటే వేయాలి, వృత్తి రాబడి 10 లక్షలు దాటినా వేయాలి. మూడోది, టీవీలో చెప్పే 12 లక్షల 75 వేలు జీతగాళ్ళ అంకె. ఆ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ మనకి రాదు. మనకి 12 లక్షలే.

పాత విధానంలో ఉందామనుకునేవాళ్ళు, ఎల్‌ఐసీలూ పిల్లల ఫీజులూ చూపించుకునేవాళ్ళు, గడువు లోపల ఫారం 10-ఐఈఏ వేయాలి. జీతగాళ్ళలా ఏటా మార్చుకునే వీలు మనకి లేదు. ఒకసారి పాతదానికి వెళ్ళి తిరిగి కొత్తదానికి వస్తే మళ్ళీ పాతదానికి దారి ఉండదు. మనలో ఎక్కువమందికి కొత్తదే నయం.

అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది ముగియకముందే కట్టాల్సిన పన్ను, ఆ విషయంలో నా అనుభవమే చెబుతాను. నేను 2020లో హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చి, బయటి దేశం కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే లెక్కలు రాయడం మొదలుపెట్టాను. వాళ్ళు టీడీఎస్ కోయరు. నెల నెలా డబ్బు నిండుగా వచ్చేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పన్ను కోసుకున్నాకే జీతం చేతికి రావడం అలవాటు కదా, వచ్చిందంతా నాదే అనుకున్నాను. ఇంటికి పెంకులు తీయించి స్లాబు వేయించాను. లెక్క వేసే సమయానికి ముప్పై వేల పైచిలుకు పన్ను తేలింది, పైన వడ్డీ. చేతిలో అంత లేదు. మా అమ్మ ఒక మాట అంది. "విత్తనం వడ్లు వండుకు తినేశావే" అని. మా చిన్నప్పుడు పురి కట్టేటప్పుడు విత్తనం వడ్లు వేరే బస్తాలో పోసి మూతి కుట్టేసేవారు. ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ బస్తా మూతి విప్పేవారు కాదు. అప్పటి నుంచి నేను బ్యాంకులో వేరే ఖాతా ఒకటి తెరిచాను. ఏ చెల్లింపు వచ్చినా అదే రోజు అందులో పదో వంతు అటు వేసేస్తాను. దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు.

ఏడాది పన్ను, కోసిన టీడీఎస్ పోగా, 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే ముందుగా కట్టాలి. 44ఏడీ, 44ఏడీఏ కింద వేసేవాళ్ళకి ఒకటే తారీఖు, మార్చి 15. అసలు లెక్కలు చూపించేవాళ్ళకి నాలుగు వాయిదాలు: జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. తప్పితే నెలకి ఒక శాతం వడ్డీ. బయటి దేశాల నుంచి డబ్బు వచ్చేవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోండి. బ్యాంకు నుంచి వచ్చే ప్రతి రెమిటెన్స్ కాగితం ఫోల్డరులో దాచుకోండి.

(ముందు వరుసలో నుంచి ఒకరు: మాకు రెండెకరాలు కౌలుకి ఇచ్చామండి. ఆ డబ్బు కూడా చూపించాలా?)

మంచి ప్రశ్న అడిగారు. ఈ హాల్లో సగం మందికి వర్తిస్తుంది. సేద్యానికి ఇచ్చిన భూమి మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే. దాని మీద పన్ను లేదు. కానీ అది ఏడాదికి 5,000 దాటితే మీరు 44ఏడీ, 44ఏడీఏ వాళ్ళు వేసే చిన్న ఫారం, ఐటీఆర్-4, వేయకూడదు. ఐటీఆర్-3 వేయాలి. మక్తా డబ్బు చూపించకుండా ఐటీఆర్-4 వేసేస్తున్నారు, అది సరైన రిటర్న్ కాదు. ఆ మొత్తం మీద పన్ను వేయరు గానీ, మీ మిగతా ఆదాయానికి ఏ రేటు పడుతుందో లెక్కకట్టేటప్పుడు దాన్ని కలిపి చూస్తారు. చాలామందికి దాని వల్ల పన్నేమీ పెరగదు. ఫారం మాత్రం మారుతుంది.

(మరొకరు: రొయ్యల చెరువు కూడా వ్యవసాయమే కదండీ?)

కాదండి. చేపలు, రొయ్యలు పెంచి అమ్మగా వచ్చే లాభం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. భూమి పాస్‌బుక్కులో వరి చేనని ఉన్నా సరే. భీమవరం వైపు ఈ పొరపాటు చేసి నోటీసులు అందుకున్నవాళ్ళని చూశాను. చెరువూ ఉండి, ఫ్రీలాన్స్ పనీ ఉంటే రెండిటి లెక్కలూ విడివిడిగా రాసుకోవాలి.

యూట్యూబ్ వాళ్ళకి రెండు ముక్కలు. మన గోదావరి వంటల వీడియోలు అమెరికాలో ఉన్న మనవాళ్ళు బాగా చూస్తారు కదా, ఆ చూపుల మీద వచ్చిన ఆదాయంలో 2021 జూన్ నుంచి అక్కడి పన్ను కోస్తున్నారు. యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతాలో పన్ను వివరాల ఫారం నింపితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతమే పడుతుంది. నింపకపోతే ఎక్కువ కోస్తారు. అక్కడ కోసినదాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవడానికి ఫారం 67 వేయాలి. అలా అడిగేవాళ్ళకి కూడా ఐటీఆర్-4 కుదరదు.

జీఎస్టీ గురించి కొద్దిగానే చెబుతాను. సేవలు చేసేవాళ్ళకి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, క్లయింటు వేరే రాష్ట్రంలో ఉన్నా సరే. వస్తువులు అమ్మేవాళ్ళకి అలా కాదు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు ప్యాక్ చేసి వాట్సాప్ ఆర్డర్ల మీద పంపే ఆడపడుచులు ఇక్కడున్నారు కాబట్టి చెబుతున్నాను. హైదరాబాదు మనకి 2014 నుంచి వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి పూతరేకుల పెట్టె ఒక్కటి అమ్మినా జీఎస్టీ నంబరు ఉండాలి. రాజమండ్రికో విజయవాడకో నేరుగా అమ్మితే 40 లక్షల వరకు అక్కర్లేదు. విన్నప్పుడు వింతగా ఉంటుంది, రూలు మాత్రం అదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. "రిఫండ్ తెప్పిస్తాం, అందులో ఇంత మాకివ్వండి" అనేవాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. కట్టని ఇన్సూరెన్సు కట్టినట్టు, ఏనాడూ పేరు వినని పార్టీకి విరాళం ఇచ్చినట్టు రాసి రిఫండ్ తెస్తారు. ఈ నెల 14న ఇలాంటి వాటి మీద ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళు దేశమంతటా 150 చోట్ల తనిఖీలు చేశారు. దొరికాక ఆ మనిషి ఫోన్ ఎత్తడు. పన్ను, వడ్డీ, జరిమానా, అన్నీ మీ పాన్ మీదే పడతాయి, ఎందుకంటే సంతకం మీది.

ఇంకో దారుణం ఏమిటంటే పోర్టల్లో మీ ఫోన్ నంబరు బదులు వాళ్ళ నంబరు, వాళ్ళ ఈమెయిల్ పెట్టుకోవడం. నాకు తెలిసిన ఒకావిడ కుట్టుపని చేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఆవిడకి నోటీసు వచ్చిన సంగతి పదకొండు నెలల దాకా తెలియలేదు. మెయిల్ వేరేవాళ్ళకి వెళ్ళింది మరి. జవాబు ఇవ్వలేదని లెక్క తేల్చేసి డిమాండ్ పంపారు. ఆవిడ నా ముందు కూర్చుని ఏడ్చినప్పుడు నా దగ్గర మాటల్లేవు. రిటర్న్ ఎవరితోనైనా వేయించుకోండి, తప్పు లేదు. పాస్‌వర్డ్ మాత్రం మీ దగ్గర ఉండాలి, ఫోన్ నంబరు మీదే ఉండాలి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే లాగిన్ అయి ప్రొఫైల్ తెరిచి చూసుకోండి. మీరు వెళ్ళేలోపు ఇక్కడ చూపించమన్నా చూపిస్తాం.

ఇక ఏడాది పొడుగునా ఏం చేయాలో చెబుతాను. మా నాన్నగారికి చిట్టా, ఆవర్జా రెండు పుస్తకాలుండేవి. ఆ రోజు వచ్చింది, పోయింది ముందు చిట్టాలో రాయడం, తర్వాత ఎవరి పద్దు కింద పడాల్సింది వాళ్ళ పద్దు కింద ఆవర్జాలోకి ఎక్కించడం. మిల్లు మూసి ఎంత రాత్రయినా నిల్వ తేల్చకుండా ఇంటికి వచ్చేవారు కాదు. మీకు చిట్టా ఒక్కటి చాలు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. బంకులో పెట్రోలు పోయించగానే బిల్లు ఫోటో తీసి, అంకె రాసుకోండి. పనికి వచ్చే డబ్బుకి ఒక బ్యాంకు ఖాతా, ఇంటికి ఇంకొకటి. చీటీ పాట డబ్బు, బావగారు పంపిన చేబదులు, క్లయింటు ఇచ్చింది అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతే మార్చి తర్వాత ఏది ఏదో మీరే చెప్పలేరు.

టీడీఎస్ కోసినవాళ్ళ నుంచి, ఎంత కోశారో రాసిచ్చే ఫారం 16ఏ అడిగి తీసుకోండి. జూన్ 15 లోపు వాళ్ళు ఇవ్వాలి. మీ పాన్ మీద జమ అయిన పన్ను చూపించే 26ఏఎస్ అనే పట్టీలో ఉన్న అంకెతో, మీ పుస్తకంలో అంకెతో కలిపి చూడండి. కోసి, మీ పాన్ మీద జమ చేయనివాళ్ళు కూడా ఉంటారు. అడిగితే సరిచేస్తారు. అడగనివాళ్ళది అలాగే ఉండిపోతుంది. ఏఐఎస్‌లో మీది కాని మొత్తం కనిపిస్తే, అక్కడే ఇది నాది కాదని చెప్పే వీలుంది. భయపడి దాన్ని కూడా కలిపేసుకోకండి.

రిటర్న్ పంపగానే పని అయిపోలేదు. 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి, లేకపోతే వేయనట్టే లెక్క. పాన్, ఆధార్ కలిపి ఉండాలి. రిఫండ్ పడే బ్యాంకు ఖాతా పోర్టల్లో ముందే వాలిడేట్ చేసి ఉండాలి. ఈసారి గడువు జూలై 31 కాదు, సెప్టెంబర్ 15 దాకా ఇచ్చారు. అది దాటితే ఆదాయం 5 లక్షల లోపు వాళ్ళకి 1,000, పైవాళ్ళకి 5,000 ఆలస్య రుసుము. పాత విధానం కావాలనుకునేవాళ్ళు ఆ తేదీ దాటితే దాన్ని ఎంచుకోలేరు కూడా.

డెలివరీ, క్యాబ్ పని చేసేవాళ్ళు, అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్లో కూడా పేరు రాయించుకోండి. ప్లాట్‌ఫాం కార్మికులకి గుర్తింపు కార్డు, ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం ఇస్తామని ఈ ఫిబ్రవరి బడ్జెట్‌లో చెప్పారు. రోడ్డు మీద బతికే పని మీది. కోనసీమ వంతెనల మీద, ఈ వానల్లో, రాత్రి పూట ఎలా తిరుగుతున్నారో నేను కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. మీ పేరు రెండు చోట్లా ఉండాలని నా కోరిక.

(వెనక నుంచి ఒకరు: ఇవాళ ఇక్కడే వేయించుకోవచ్చాండీ?)

ఆయ్, అందుకే కదా వచ్చాం. ఆ గోడ పక్కన మూడు ల్యాప్‌టాప్‌లు పెట్టాం. ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోం. పాన్, ఆధార్, ఆధార్‌కి కలిపిన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్కు దగ్గర పెట్టుకోండి. ఖర్చుల లెక్క లేనివాళ్ళు ఆ బల్ల మీద తెల్లకాగితాలున్నాయి, నెలకి పెట్రోలు ఎంత, రీచార్జి ఎంత అని గుర్తున్నంత వరకు రాసుకుంటూ ఉండండి. బిల్లులు ఫోన్లో ఉంటే వెతకండి. ఓటీపీ వస్తే మీరే కొట్టాలి, మాకు చెప్పక్కర్లేదు.

చీకటి పడితే ఆర్డర్లు మొదలవుతాయి కాబట్టి డెలివరీకి వెళ్ళాల్సినవాళ్ళు ముందు రండి. మిగిలినవాళ్ళం కాసేపు ఆగుదాం. టీ వస్తోంది.